నిలుపు అనే బొత్తాం

ఆఫీసులో ఆమెను అందరూ బొత్తాలక్క అంటారు. చొక్కా బొత్తాలతో ఆమెకు సంబంధం లేదు. కంప్యూటర్ తెర మీద నొక్కే బొత్తాలు ఎక్కడ ఉండాలి, ఎంత ఉండాలి, వాటి మీద ఏ మాట రాయాలి అన్నది ఆమె పని. వయసు నలభై తొమ్మిది. అందులో ఇరవై రెండేళ్లు ఈ పనిలోనే గడిచాయి. ఆస్పత్రి రసీదులకూ, బస్సు టికెట్లకూ, నీటి పన్నుకూ తెరలు గీసింది. మూడేళ్లుగా ఎన్నికల ప్రకటనలు చూస్తోంది.

ఎన్నికల్లో నిలబడిన అభ్యర్థి ఆఫీసువాళ్లు ఒక ప్రకటన తయారు చేసుకుంటారు. ఒక ఫొటో, రెండు వాక్యాలు, అడుగున ఎవరి తరఫున వేస్తున్నారో చెప్పే వరస. అది ఏ పేటలో, ఏ వయసువాళ్ల ఫోన్లలో, ఏ రోజు నుంచి ఏ రోజు దాకా కనిపించాలో నిర్ణయించే సాఫ్ట్‌వేర్‌ను ఆమె కంపెనీ అమ్ముతుంది. ఇలాంటివి బజారులో పది ఉన్నాయి. కంప్యూటరంటే భయపడేవాళ్లు కూడా తమదాన్ని వాడగలరన్నది కంపెనీ చెప్పుకునే గొప్ప. ఆ గొప్ప నిలబడేదీ పడిపోయేదీ బొత్తాలక్క చేతుల్లో ఉంది.

ఆమె పద్ధతి ఒకటే. వాడేవాళ్ల వెనక స్టూలు వేసుకుని కూర్చుంటుంది. చేతిలో నోటు పుస్తకం, గడియారం. మాట్లాడదు. వేలు ఎక్కడ తడబడింది, ఎన్ని సెకన్లు ఆగింది, ఎప్పుడు నిట్టూర్చారు అన్నీ రాసుకుంటుంది. వాళ్లు వెనక్కి తిరిగి ‘ఇదేనా నొక్కేది?’ అని అడిగితే బదులు చెప్పదు. చెప్తే మనిషి నేర్చుకుంటాడు, తెరలో లోపం మాత్రం అలాగే ఉండిపోతుంది. ఇరవై రెండేళ్లలో ఆమె చూసినన్ని మెడలు జుట్టు కత్తిరించేవాళ్లు కూడా చూసి ఉండరు. ముఖాలు మాత్రం అంతగా గుర్తుండవు.

ఇంటి దగ్గర ఆమె ముందూ వెనకా ఎవరూ లేరు. రెండో అంతస్తులో ఒకటిన్నర గది. కిటికీ తెరిస్తే పక్క భవనం గోడ, దాని మీద నీళ్ల గొట్టం. పెళ్లి ఒకటి జరిగింది, నాలుగేళ్లు నడిచింది, ఇద్దరూ మర్యాదగానే విడిపోయారు. పక్కింటివాళ్ల టీవీ గోడలోంచి వినిపిస్తుంది. మాటలు తెలియవు కానీ వాళ్లు ఎప్పుడు నవ్వుతారో తెలుస్తుంది. వంట ఒకసారి చేసి రెండు రోజులు తింటుంది. ఒక్కత్తే ఉండటం గురించి ఎవరైనా అడిగితే, ‘గిన్నెలు తక్కువ’ అంటుంది.

ఆ ఏడాది కొత్త తెరల కోసం ఆమె ఒక అభ్యర్థి ఆఫీసుకు ఆరు రోజులు వెళ్లింది. మేడమీద పొడుగాటి హాలు, గోడలకు ఆనించిన జెండా కర్రలు, మూల ఒక కంప్యూటర్. ఆ ఆఫీసును అభ్యర్థి బావమరిది నడుపుతాడు. ముఖం మీద ‘అన్నా’ అనీ, వెనక ‘బావమరిది’ అనీ పిలుస్తారు. కంప్యూటర్ దగ్గర కూర్చునే ఆవిడ యాభై ఆరేళ్ల మనిషి. ఒకప్పుడు టైపు నేర్పే సంస్థలో పనిచేసి, అది మూతపడ్డాక ఇక్కడ చేరింది. ఆమెను టైపిస్టమ్మ అంటారు. తెర వైపు చూడకుండా పేజీ మొత్తం కొట్టగలదు. తెర వైపు చూడాల్సి వచ్చినప్పుడే కంగారు. బొత్తాలక్కకు కావలసింది అలాంటి మనిషే. ఈవిడకు సులువైతే అందరికీ సులువు.

మూడో రోజు బావమరిది వచ్చి తెర చూశాడు. నడుస్తున్న ప్రకటన పక్కన ఎర్ర రంగులో ‘ఆపు’ అని ఉంది.

“ఇదేంటమ్మా, ఆపు అని అంత ఎర్రగా రాశారు? మా బావ ప్రచారం ఆపేవాడెవడు? పొద్దున్నే కంప్యూటర్ తెరవగానే ఆపు, ఆపు అని కనిపిస్తే కార్యకర్తల గుండె జారిపోదూ?”

“ఎప్పుడైనా ప్రకటన ఆపాల్సి వస్తే కావాలి కదండీ.”

“కావాలి, కాదనను. కాస్త మర్యాదగా ఉండే మాట పెట్టు.”

బొత్తాలక్క ఆ పూటంతా ఆలోచించింది. ‘విరమించు’ అంటే పుస్తకంలా ఉంది. ‘తాత్కాలికంగా ఆపు’ బొత్తాంలో పట్టదు. చివరికి ‘నిలుపు’ దొరికింది. మూడే అక్షరాలు, వినడానికి మెత్తన. రంగు కూడా ఎరుపు తీసి ఆకుపచ్చ పెట్టింది. మర్నాడు బావమరిది చూసి మెచ్చుకున్నాడు.

“నిలుపు. బాగుంది. మేం బావని నిలిపాం కదా, సరిగ్గా సరిపోయింది.”

హాల్లో ఉన్న నలుగురూ నవ్వారు. బొత్తాలక్క కూడా నవ్వింది. తన మాటను ఎవరైనా మెచ్చుకుని చాలా రోజులైంది.

ఆ మధ్యాహ్నమే పరీక్ష పెట్టింది. ఒక కాగితం మీద పనులు రాసి టైపిస్టమ్మ చేతికిచ్చింది. ఫొటో ఎక్కించండి, పేట ఎంచుకోండి, మొదటి ప్రకటనను ఆపండి. మూడో పని దగ్గర టైపిస్టమ్మ వేలు గాల్లో ఆగింది.

“ఇది నొక్కితే ఉంటుందా, పోతుందా?”

వెనక నుంచి జవాబు లేదు.

“మిమ్మల్నేనమ్మా. ఉంటుందా, పోతుందా?”

బొత్తాలక్క గడియారం చూస్తోంది. ఇక ఆపడానికి వేరే బొత్తామేదీ కనపడక టైపిస్టమ్మ దాన్నే నొక్కింది. తెర మీద ‘నిలిపినవి: 1’ అని మాత్రం వచ్చింది; ప్రకటన ఆగిందని తెలిసింది బొత్తాలక్కకే. బొత్తాలక్క పుస్తకంలో టిక్కు పెట్టుకుంది.

పోలింగుకు ఐదు రోజుల ముందు, ప్రచారం గడువు ఇంకా మూడు రోజులుండగా, బావమరిది ఊళ్లు తిరుగుతూ జీపులోంచి ఫోన్ చేశాడు. చుట్టూ మైకుల గోల.

“టైపిస్టమ్మా, మన మూడు ప్రకటనలూ గడువు చివరి దాకా నిలపాలి. ఒక్కటి కూడా పోకూడదు. తెలిసిందా?”

“తెలిసిందండీ.”

ఆమె కంప్యూటర్ తెరిచింది. మూడు ప్రకటనలు నడుస్తున్నాయి. ఒక్కోదాని పక్కనా ‘నిలుపు’ అన్న ఆకుపచ్చ బొత్తాం ఉంది. ఆయన అన్న మాటే తెర మీద ఉంది. మొదటిది నొక్కింది. ‘ఈ ప్రకటనను నిలుపుతున్నారు. ఖాయమేనా?’ అని అడిగింది. అవును నొక్కింది. రెండోది, మూడోది అంతే. చివర పైన ఆకుపచ్చ రంగులో ‘నిలిపినవి: 3’ అని వచ్చింది. టైపిస్టమ్మ ఫోన్ తీసింది.

“మూడూ నిలిపానండీ.”

“శభాష్.”

ఆ మూడు ప్రకటనలూ పాతికేళ్ల లోపువాళ్ల ఫోన్లలో కనిపించేవి. ఆఫీసులో ఆ వయసువాళ్లెవరూ లేరు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. అభ్యర్థి రెండు వందల పన్నెండు ఓట్ల తేడాతో ఓడిపోయాడు. ఓడిన మూడో రోజున ఎవరో కంప్యూటర్ తెరిచి చూస్తే, గడువుకు మూడు రోజుల ముందే ప్రకటనలు ఆగిపోయి ఉన్నాయి. ఆపింది ఎవరు? టైపిస్టమ్మ. ఎన్నిసార్లు? మూడుసార్లు. ప్రతిసారీ ఖాయమేనా అంటే అవునంది. అవతలివాళ్లకు అమ్ముడుపోయిందని సాయంత్రానికల్లా పేటంతా పాకిపోయింది. బావమరిది ఆమెను రావద్దన్నాడు. కంపెనీకి ఫిర్యాదు కూడా పంపాడు: చివరి దాకా నిలపమని నేను ఫోన్లో చెప్పినా ఆవిడ ఆపేసింది, మీ సాఫ్ట్‌వేర్ ఎవరు పడితే వాళ్లు ఆపేసేలా ఎందుకుంది?

కంపెనీ మేనేజరు బొత్తాలక్క కన్నా పద్నాలుగేళ్లు చిన్న. అక్కా అంటూనే పనులు పురమాయిస్తాడు.

“అక్కా, నువ్వే చూశావు కదా ఆ ఆఫీసు. చిన్న రిపోర్టు రాసివ్వు. మూడు నొక్కుళ్లు, నలభై సెకన్లు, మూడు అవున్లు. వాడినవాళ్ల తప్పు. రెండు ముక్కల్లో తేల్చెయ్.”

ఆమె తన సీటుకు వెళ్లి పాత నోటు పుస్తకం తీసింది. నాలుగో రోజు పేజీలో తన దస్తూరీలోనే ఉంది: ‘నిలుపు దగ్గర తొమ్మిది సెకన్లు. ఉంటుందా, పోతుందా అని అడిగింది. జవాబివ్వలేదు. సరిగ్గా చేసింది.’ పక్కన టిక్కు.

ఆ పేజీని ఆమె చాలాసేపు చూసింది. తర్వాత ఒక తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో ‘ప్రకటన నిలుపు’ అని రాసి ఆఫీసులో కనిపించినవాళ్లకల్లా చూపించింది. ఇది నొక్కితే ఏమవుతుంది? పదిమందిలో ఆరుగురు ఆగిపోతుందన్నారు. నలుగురు ఉండిపోతుందన్నారు. ఆ నలుగురిలో ఇద్దరు ఇదివరకు ఎన్నికల ఆఫీసుల్లో పనిచేసి వచ్చినవాళ్లు. చివరికి గేటు దగ్గర వాచ్‌మన్‌కు చూపించింది. అతను కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివాడు.

“బండిని నిలుపు అంటే ఆపమని. మనిషిని నిలుపు అంటే నిలబెట్టమని. ఇంతకీ మీ ప్రకటన బండా మేడమ్, మనిషా?”

ఆమె రిపోర్టు రెండు ముక్కల్లోనే రాసింది. ‘నిలుపు అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. తప్పు మాటది, ఆ మాట పెట్టినది నేను.’ మేనేజరు చదివి తలుపు వేశాడు.

“అక్కా, మాట మార్చేద్దాం. ఈ రాత్రికే మళ్లీ ఆపు అని పెట్టేద్దాం, ఎవరికీ తెలీదు. కానీ ఇది మాత్రం బయటికి పోకూడదు. ఇదే వాడుతున్న ఆఫీసులు ఇంకా పద్దెనిమిది ఉన్నాయి. అందరూ మీ బొత్తాం వల్లే ఓడామని మన నెత్తినెక్కుతారు.”

“మరి ఆవిడ?”

“ఆవిడకి మనం ఉద్యోగం ఇచ్చామా, తీశామా?”

మర్నాటికి మాట మారింది. రిపోర్టు కూడా మారింది. కింద మేనేజరు సంతకంతో ‘వాడినవారి పొరపాటు’ అని వెళ్లింది.

బొత్తాలక్క ఒక రోజు సెలవు పెట్టి బావమరిది దగ్గరికి వెళ్లింది. హాలు ఖాళీగా ఉంది. మిగిలిపోయిన పోస్టర్లను అతనే కట్టలు కడుతున్నాడు. ఆమె సంగతంతా చెప్పింది. ఫోనులో అతను అన్న మాట, తెర మీద ఉన్న మాట, రెండూ ఒకటే కావడం. అతను దారం ముడి వేయడం ఆపి విన్నాడు. అర్థమైందని ముఖం చూస్తేనే తెలిసింది.

“నేను నిలపమనే అన్నాను. నిజమే.”

“ఆవిడ మీరు చెప్పిందే చేసిందండీ.”

“కూర్చోమ్మా. ఒక మాట చెప్తాను, ఏమనుకోకు. మావాళ్లలో ఒకరు అమ్ముడుపోయారంటే జనం అయ్యో పాపం అంటారు. మళ్లీసారి పట్టుదలగా ఓటేస్తారు. బొత్తాం మీద మాట అర్థంకాక ఓడిపోయామంటే ఏమంటారు? పిల్లలు కూడా వెనకాల నవ్వుతారు. మా బావ తలెత్తుకు తిరగాలా వద్దా?”

“ఆవిడ తలెత్తుకు తిరగొద్దా?”

“నాకు ఆవిడంటే కోపం లేదమ్మా. నాలుగు నెలలు పోతే అందరూ మర్చిపోతారు.” అతను దారం పళ్లతో కొరికాడు. “నువ్వు కూడా మర్చిపో. నీ ఉద్యోగం నీకుంది కదా.”

టైపిస్టమ్మ ఇల్లు అక్కడికి మూడు వీధుల అవతల. అది ఆమె తమ్ముడి ఇల్లు. భర్త పోయాక పదకొండేళ్లుగా అక్కడే ఉంటోంది. తమ్ముడు ఆ పార్టీకి ఇరవై ఏళ్లుగా జెండా మోసిన మనిషి. తలుపు తీసింది మరదలు. లోపల మంచం మీద టైపిస్టమ్మ బట్టలు మడతపెడుతోంది. పక్కనే సగం నింపిన పెట్టె.

“మా తమ్ముడు నాతో మాట్లాడి ఇరవై మూడు రోజులైంది. పెరట్లో ఎదురుపడ్డా పక్కకి తప్పుకుంటాడు. నెలాఖరుకి వేరే గది చూసుకోమని మరదలి చేత చెప్పించాడు. సొంత అక్కే పార్టీని అమ్మేసిందని పదిమందీ వేలెత్తి చూపిస్తుంటే వాడు మాత్రం ఏం చేస్తాడు?”

బొత్తాలక్క ‘నిలుపు’ అన్న మాట గురించి చెప్పింది. టైపిస్టమ్మ చేతిలో చీర అలాగే పట్టుకుని వింది. ఏడవలేదు, తిట్టలేదు.

“నేను అడిగాను.”

“అడిగారు.”

“రెండుసార్లు అడిగాను. మీరు నా వెనకే ఉన్నారు. పలకలేదు.”

“పలకకూడదండీ. మా పని పద్ధతి అది.”

“అదేం పద్ధతమ్మా? గోతిలో పడేదాకా చూసి, ఎంత లోతో కొలుచుకునే పద్ధతా?”

టైపిస్టమ్మ చీర పక్కన పెట్టింది.

“నోటితో చెప్తే వాడు నమ్మడు. నేనే మిమ్మల్ని తీసుకొచ్చానంటాడు. కాగితం మీద రాసివ్వండి. మీ పేరు, కంపెనీ పేరు, సంతకం. ఆ పుస్తకంలో పేజీ కూడా కావాలి, నేను అడిగానని రాసుకున్న పేజీ.”

ఆ కాగితం ఇస్తే ఏమవుతుందో బొత్తాలక్కకు తెలుసు. తమ్ముడు దాన్ని మొదట తీసుకెళ్లేది పార్టీ ఆఫీసుకే. అక్కడి నుంచి అది కంపెనీకి చేరడానికి ఒక పూట చాలు. ఆమె పెన్ను అడిగింది. మంచం అంచున కూర్చుని ఒడిలో పుస్తకం పెట్టుకుని పేజీన్నర రాసింది. టైపిస్టమ్మ కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచీ చదివింది.

“బాధ్యతలో ధకి వత్తు లేదు. రెండో పేరాలో మూడు ప్రకటనలు అని రాసి కింద రెండు అన్నారు. ఇలా తప్పులతో ఇస్తే వాడు ఇంకా అనుమానిస్తాడు. మళ్లీ రాయండి.”

బొత్తాలక్క మళ్లీ రాసింది. ఈసారి టైపిస్టమ్మ పక్కన నిలబడి ఒక్కో వరసా చూసింది. సంతకమయ్యాక, నాలుగో రోజు పేజీని పుస్తకంలోంచి జాగ్రత్తగా చింపి దానికి జత చేశారు.

ఐదున్నరకు తమ్ముడు వచ్చాడు. లోపల కొత్త మనిషిని చూసి చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. అక్క ఏమీ చెప్పకుండా కాగితం చేతికిచ్చింది. అతను నిదానంగా చదివాడు. చింపిన పేజీని వెనక్కి తిప్పి చూశాడు. మళ్లీ మొదటికి వచ్చాడు. లోపల కుక్కర్ కూసింది.

“ఈ నిలపమన్నది బావమరిది అన్నేనా?”

“ఆయనే. ఫోన్లో,” అంది టైపిస్టమ్మ.

“ఆయనకిది తెలుసా?”

“తెలుసండీ. ఇవాళ నేనే చెప్పాను,” అంది బొత్తాలక్క.

అతను కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు. అక్క వైపు చూడలేదు. మంచం మీదున్న పెట్టెను ఎత్తి అటక మీద పెట్టాడు. అందులో బట్టలు ఇంకా అలాగే ఉన్నాయి.

“అక్కకి కూడా వడ్డించు,” అన్నాడు భార్యతో. “పొద్దున కూడా తిన్నట్టు లేదు.”

టైపిస్టమ్మ ఒక నిమిషం అటక వైపు చూసి, తర్వాత చెంగుతో ముఖం తుడుచుకుని బొత్తాలక్కను గుమ్మం దాకా సాగనంపడానికి వచ్చింది.

“మిమ్మల్ని కూడా కూర్చోమనాలి. మాట రావట్లేదు.”

“ఫర్వాలేదండీ.”

“కోపం లేదమ్మా. పోగొట్టింది మీరే, తెచ్చి ఇచ్చిందీ మీరే. కానీ మళ్లీ రావద్దు. మిమ్మల్ని చూస్తే ఆ రోజే గుర్తొస్తుంది.”

లోపల గిన్నెల చప్పుడు మొదలైంది. మరదలేదో అంటే తమ్ముడు విసుక్కున్నాడు. టైపిస్టమ్మ మధ్యలో కలగజేసుకుని ఇద్దర్నీ కసిరింది. బొత్తాలక్క మెట్లు దిగుతుండగా ఆ మూడు గొంతులూ ఒకదాని మీద ఒకటి పడుతూ వినిపించాయి. వీధి మలుపు దాకా వినిపించి, తర్వాత బస్సుల రొదలో కలిసిపోయాయి.

కాగితం ఇచ్చిన రెండో రోజు పొద్దున ఆఫీసుకు బయల్దేరబోతుంటే మేనేజరు ఫోన్ చేశాడు. గొంతులో కోపం కన్నా అలసట ఎక్కువగా ఉంది.

“అక్కా, ఒక కాగితం వచ్చింది. సంతకం నీదేనా?”

“నాదే.”

“కాదని చెప్పొచ్చు. ఎవరో నీ పేరు పెట్టారని రాసుకుంటాం. నేను చూసుకుంటాను.”

“నాదేనయ్యా. పుస్తకంలో పేజీ కూడా నాదే.”

ఫోన్లో వెనక ఎవరో తలుపు తీసి మూసిన చప్పుడు.

“అయితే ఇవాళ రావద్దక్కా. నీ సీటు దగ్గర సామానుంటే ఎవరి చేతైనా పంపిస్తాను.”

“సామానేం లేదు. ఒక్కటి చెప్పు. పద్దెనిమిది ఆఫీసుల్లోనూ మాట మారిందా?”

“అన్నిచోట్లా మారిందక్కా. నేనే చూశాను.”

“సరే.”

ఫోన్ పెట్టేశాక సంచీ ఇంకా భుజానికే ఉందని ఆమె గమనించింది. తీసి కుర్చీకి తగిలించింది. టైము తొమ్మిదీ పది. గోడ అవతల పక్కింటివాళ్లు కూడా పనులకు వెళ్లిపోయినట్టున్నారు, ఏ చప్పుడూ లేదు. ఆమె మంచం మీద కూర్చుంది. కాళ్లకు చెప్పులున్నాయి. వాటిని విప్పడానికి కొంచెం సేపు పట్టింది.